గీసేది సిరిపురంలో, నిలదీసేది అసీల్‌మెట్టలో: విశాఖ ప్లానింగ్‌పై కౌన్సిల్ పట్టు ఎందుకు తప్పింది

అసీల్‌మెట్టలోని జీవీఎంసీ (మహా విశాఖ నగరపాలక సంస్థ) కౌన్సిల్‌లో ఇళ్ల మీద వచ్చే ప్రశ్నలు ఏళ్ల తరబడి మారలేదు. కొండవాలు కాలనీకి రిటైనింగ్ వాల్ ఎప్పుడు కడతారు? రెండంతస్తులకు ప్లాన్ తీసుకున్న చోట ఐదో శ్లాబ్ ఎలా పడింది? లేఅవుట్‌లో పార్కుకు వదిలిన జాగాలో షెడ్డు ఎవరు వేశారు? గెడ్డ (వాగు) మీద కల్వర్టు ఎందుకు కుదించారు? సమాధానాలూ మారలేదు. ఆ విషయం సిరిపురంలోని వీఎంఆర్‌డీఏ (ప్లాన్ వేసే అభివృద్ధి సంస్థ) పరిధిలోదనో, టిడ్కో (పేదల ఫ్లాట్లు కట్టే ప్రభుత్వ సంస్థ) చూస్తుందనో, కోర్టులో ఉందనో అధికారులు చెబుతారు. చట్టప్రకారం ఆ సమాధానాలు చాలాసార్లు సరైనవే కావడం అసలు చిక్కు. ఎన్నికైన కౌన్సిల్ ఊరి రూపురేఖలను ముందుగా పరిశీలించే చోట లేదు. పైపులైను వేయాల్సి వచ్చినప్పుడు, కాలువ పొంగినప్పుడు మాత్రమే విషయం దాని ముందుకొస్తుంది.

ఇది ఒక్కరోజులో వచ్చిన పరిస్థితి కాదు. విశాఖలో టౌన్ ప్లానింగ్ ట్రస్ట్ 1962లో ఏర్పడింది. ఏపీ పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టం 1975లో వచ్చాక, 1978 జూన్‌లో దాని స్థానంలో వుడా (విశాఖ పట్టణాభివృద్ధి సంస్థ) పుట్టింది. మున్సిపాలిటీ కార్పొరేషన్‌గా మారింది 1979లో. తొలి కౌన్సిల్ ఎన్నికలు 1981లో. అంటే ప్రజలు కార్పొరేటర్లను ఎన్నుకునేనాటికే భూ వినియోగం నిర్ణయించే అధికారం వేరే సంస్థ చేతికి వెళ్లిపోయింది. ఎంవీపీ కాలనీ లాంటి పెద్ద లేఅవుట్లను వేసింది కూడా అదే వరుసలోని సంస్థలు. వుడా ప్లాట్లు వేసి అమ్మేది, కార్పొరేషన్ రోడ్లు ఊడ్చేది, నీళ్లిచ్చేది, పన్ను వసూలు చేసేది. ఆ పని విభజన నేటికీ చెక్కుచెదరలేదు.

1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ దీన్ని సరిదిద్దాల్సింది. పన్నెండో షెడ్యూల్‌లోని 18 అంశాల్లో మొదటిదే పట్టణ ప్రణాళిక. అయితే ఏ అధికారాన్ని ఎంతవరకు బదిలీ చేయాలో 243డబ్ల్యూ అధికరణం రాష్ట్ర శాసనసభల ఇష్టానికి వదిలేసింది. పది లక్షలు, ఆపై జనాభా ఉన్న మెట్రో ప్రాంతానికి ప్రణాళిక సంఘం ఉండాలనీ, అందులో కనీసం మూడింట రెండొంతుల మందిని మున్సిపాలిటీల సభ్యులు, పంచాయతీల అధ్యక్షులు తమలోంచి ఎన్నుకోవాలనీ 243జెడ్‌ఈ చెబుతుంది. 2011 జనాభా లెక్కల నాటికే విశాఖ నగరం 17 లక్షలు దాటింది. అయినా ప్లాన్ తయారీ అభివృద్ధి సంస్థ దగ్గరే ఉండిపోయింది. దానికి ఛైర్మన్‌నూ, కమిషనర్‌నూ నియమించేది రాష్ట్ర ప్రభుత్వం.

మూడు మాస్టర్ ప్లాన్ల తేదీలను కౌన్సిల్ కాలాల పక్కన పెట్టి చూస్తే కథ ఇంకా స్పష్టపడుతుంది. మొదటిది 1989 నాటిది. రెండోది 2021 వరకు దృష్టిలో పెట్టుకుని 1,721 చదరపు కిలోమీటర్లకు వేసిన ప్లాన్; దానికి 2006 జూన్‌లో ఆమోదం వచ్చింది. అంతకు ఏడు నెలల ముందు, 2005 నవంబర్ 21న, గాజువాక మున్సిపాలిటీనీ 32 గ్రామాలనూ కలిపి జీవీఎంసీ ఏర్పాటు చేశారు. ఎన్నికలు జరిగింది 2007లో. పదిహేనేళ్ల పాటు నగరాన్ని నడిపించిన ప్లాన్ ఖరారైన రోజున జీవీఎంసీకి ఒక్క కార్పొరేటర్ కూడా లేరు. మూడోది 2041 ప్లాన్. ముసాయిదా 2021 మధ్యలో వచ్చింది. కొత్త కౌన్సిల్ అదే ఏడాది మార్చిలో గెలిచి, కుర్చీలు సర్దుకుంటున్న సమయమది.

2012 నుంచి 2021 వరకు నడిచిన ప్రత్యేకాధికారి పాలన నష్టం చాలా పెద్దది. ఆ తొమ్మిదేళ్లలో ఏమేం జరిగాయో చూడండి. 2013లో భీమునిపట్నం, అనకాపల్లి విలీనమయ్యాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చింది, ఆ తర్వాత పునర్నిర్మాణం. స్మార్ట్ సిటీకి విశాఖ ఎంపికై, పనులు ప్రత్యేక కంపెనీ చేతికెళ్లాయి. 2017లో కొత్త భవన నిబంధనలు (జీవో 119), టిడ్కో ఇళ్ల నిర్మాణం, 2018లో వుడా స్థానంలో వీఎంఆర్‌డీఏ, 2020 జనవరిలో ఇళ్ల పట్టాల భూసమీకరణ. వీటిలో దేనిమీదా సభలో ఓ గంట చర్చ జరగలేదు, ఎందుకంటే సభే లేదు. కౌన్సిల్ పెట్టాల్సిన తీర్మానాలను ప్రత్యేకాధికారి సంతకమే పూర్తి చేసేది. 98 వార్డులకు 2021 మార్చి 10న ఎన్నికలు జరిగేసరికి నగరం ముప్పాతిక వంతు నిర్ణయాలు అయిపోయిన దశలో ఉంది.

భూసమీకరణ ఉదాహరణ ఒక్కటి నిదానంగా చూడాలి. జీవో 72 ప్రకారం పది మండలాల్లో 6,116.50 ఎకరాలు సేకరించి, నగరంలోని పేదలకు సెంటు చొప్పున, అంటే 48.4 గజాలు, ఇవ్వాలనుకున్నారు. ఎకరా డి-పట్టా భూమి (ప్రభుత్వం కేటాయించిన భూమి) ఇచ్చినవారికి అభివృద్ధి చేసిన 900 గజాలు, పదేళ్లకు పైబడిన ఆక్రమణదారులకు 450, ఐదు నుంచి పదేళ్ల వారికి 250 గజాలు తిరిగివ్వాలన్నది లెక్క. కోర్టు కేసులతో రెండేళ్లు ఆగి, 2022 ఏప్రిల్ 28న సబ్బవరం మండలం పైడివాడ అగ్రహారంలో పంపిణీ మొదలైంది. పట్టా అందుకున్నవాళ్లు జీవీఎంసీ వార్డుల ఓటర్లు. లేఅవుట్లలో చాలావరకు జీవీఎంసీ సరిహద్దు బయట, సబ్బవరం, ఆనందపురం, పద్మనాభం వైపు ఉన్నాయి. అక్కడ నీళ్లు లేవని, బస్సు లేదని ఆ కుటుంబం తన కార్పొరేటర్‌కు చెబితే, ఆ కార్పొరేటర్ అడిగేందుకు సభలో అంశమే ఉండదు. ఎంవీపీ కాలనీలో ఇళ్ల పనులు చేసుకునే మనిషికి పాతిక, ముప్పై కిలోమీటర్ల దూరం అంటే రోజు కూలిలో ఎంత పోతుందో ప్లాన్ వేసేటప్పుడే లెక్కగట్టాలి. ఆ లెక్క అడగగలిగే స్థానంలో ఉన్నది వార్డు ప్రతినిధే.

టిడ్కో ఇళ్లది ఇంకో రకం చిక్కు. 300, 365, 430 చదరపు అడుగుల ఫ్లాట్లు, జీ ప్లస్ 3 బ్లాకులు, షియర్ వాల్ పద్ధతి. గోడలు త్వరగా లేస్తాయి, డ్రైనేజీ, తాగునీరు, అప్రోచ్ రోడ్డు వెనకబడతాయి. ఇల్లు పూర్తయినట్టు కాగితం మీద కనిపిస్తుంది గానీ సంపు, ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి కేంద్రం), విద్యుత్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా తాళం తీయలేరు. కాబట్టి సభలో ఎన్ని ఇళ్లు పూర్తయ్యాయని అడిగితే వచ్చే అంకె దేనికీ పనికిరాదు. బ్లాకు వారీగా నీటి కనెక్షన్ అందిన ఫ్లాట్లు ఎన్ని, రిజిస్ట్రేషన్ అయినవి ఎన్ని, బ్యాంకు రుణం కిస్తీ మొదలైనా తాళం ఇవ్వనివి ఎన్ని అని అడిగితేనే అసలు సంగతి బయటికొస్తుంది.

ఇక భవనాల దగ్గరికి వద్దాం. జీవీఎంసీ పరిధిలో ప్లాన్ మంజూరు కార్పొరేషన్ చేతిలోనే ఉంది, కౌన్సిల్‌కు బాగా అందే విషయం ఇదే. నిబంధనల ప్రకారం చాలా భవనాలకు కట్టేవారు నిర్మిత విస్తీర్ణంలో కొంత భాగాన్ని కార్పొరేషన్‌కు తనఖా పెట్టాలి. ప్లాన్ ప్రకారం కట్టారని ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చాకే దాన్ని విడుదల చేస్తారు. తప్పు జరిగితే మున్సిపల్ కార్పొరేషన్ చట్టంలోని 452 సెక్షన్ కింద ముందు తాత్కాలిక ఉత్తర్వు, వివరణ తృప్తికరంగా లేకపోతే ఖరారు ఉత్తర్వు, ఆపై 636 కింద తొలగింపు. మెట్లు సరిగానే ఉన్నాయి. జారేది వాటి మధ్య. తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చి ఖరారు చేయకపోతే కట్టేవారికి సమయం దొరుకుతుంది. ఆలోగా మరో శ్లాబ్ పడుతుంది, కుటుంబాలు దిగిపోతాయి, కోర్టు స్టే వస్తుంది. స్టే వచ్చాక కార్పొరేషన్ కౌంటర్ (కోర్టుకు జవాబు) వేయకపోతే అది ఏళ్ల తరబడి నడుస్తుంది. తొలగింపు పేరుతో శ్లాబ్‌కు నాలుగు కన్నాలు కొట్టి ఫొటో తీసి వదిలేస్తే నెల తిరక్కుండా అవి పూడిపోతాయి. ఆస్తి పన్ను పెనాల్టీతో వేశారు కదా అని కొనేవాళ్లు ధైర్యపడతారు. పన్ను రసీదు అనుమతి పత్రం కాదు.

దీనికి తోడు క్రమబద్ధీకరణ పథకాలు. 2007 చివర్లో వచ్చిన బీపీఎస్ (జరిమానా కట్టించుకుని అక్రమ కట్టడాలను క్రమబద్ధీకరించే పథకం) 1985 జనవరి 1 నుంచి 2007 డిసెంబర్ 15 వరకు కట్టినవాటికి. 2015లో గడువు తేదీ 2014 డిసెంబర్ 31కి జరిగింది. 2019లో 2018 ఆగస్టు 31కి, 2025లో 2025 ఆగస్టు 31కి. ప్రతిసారీ ఇదే ఆఖరని చెప్పినా, తర్వాతిది వస్తుందన్న నమ్మకంతోనే అదనపు అంతస్తు లేస్తోంది. ఫీజు ఖజానాకు వస్తుంది గానీ సెట్‌బ్యాక్ (భవనం చుట్టూ వదలాల్సిన జాగా) వెనక్కి రాదు, ఇరుకు సందులో ఫైరింజన్ తిరిగే జాగా రాదు. ఈ విషయంలో మెతకగా మాట్లాడటానికి ఏమీ లేదు.

వార్డులో అక్రమ నిర్మాణాలపై ఏం చర్యలు తీసుకున్నారని అడిగితే చర్యలు తీసుకుంటున్నాం అని రాతపూర్వకంగా వస్తుంది. ఏడాదిలో 452 కింద తాత్కాలిక ఉత్తర్వులెన్ని, ఖరారైనవెన్ని, 636 దాకా వెళ్లినవెన్ని, కోర్టు స్టేలెన్ని, వాటిలో కౌంటర్ వేయనివెన్ని అని ఐదు గడులుగా అడిగితే తప్పించుకునే దారి మూసుకుపోతుంది. 2019లో వార్డు సచివాలయాల్లో ప్లానింగ్ కార్యదర్శులను పెట్టారు. పునాది గీత గీసే రోజున కొలత తీసే బాధ్యత వారిదే కనుక లెక్కలు లేవనడం కుదరదు.

లేఅవుట్ల ఖాళీ స్థలాలదీ ఇదే తరహా. పది శాతం బహిరంగ స్థలాన్నీ రోడ్లనూ స్థానిక సంస్థకు గిఫ్ట్ డీడ్‌తో రాసివ్వాలి. డీడ్ రిజిస్టర్ అవుతుంది, కానీ కార్పొరేషన్ ఆస్తుల రిజిస్టర్‌లోకి ఎక్కదు, కంచె పడదు. పదేళ్ల తర్వాత అదే జాగాకు ప్లాట్ నంబరు వేసి అమ్మేస్తారు. ఎల్‌పీ (లేఅవుట్ ప్లాన్) నంబరు, గిఫ్ట్ డీడ్ దస్తావేజు నంబరు, ఆస్తుల రిజిస్టర్ పేజీ మూడూ కలిపి అడగాలి. ఒకటి దొరక్కపోతే ఎక్కడ తెగిందో అక్కడే తెలుస్తుంది.

విశాఖకు ప్రత్యేకమైన చిక్కుముళ్లు మరికొన్ని ఉన్నాయి. సింహాచలం దేవస్థానం పంచగ్రామాల్లో (అడవివరం, వేపగుంట, వెంకటాపురం, చీమలాపల్లి, పురుషోత్తపురం) భూమి హక్కు తేలక ప్లాన్ రాదు, అయినా జనం ఉండక తప్పదు, కట్టుకోక తప్పదు. కొండవాలు ఇళ్లకు 2014 నాటి జీవో 296 కింద వంద గజాల వరకు ఉచితంగా క్రమబద్ధీకరణ దొరికినా, వానకు జారే మట్టి పట్టా చూసి ఆగదు. అందుకే రిటైనింగ్ వాల్ అంశం ప్రతి సమావేశంలో తిరిగొస్తుంది. ఆర్‌ఆర్ వెంకటాపురం అన్నింటికన్నా చేదు పాఠం. 1961లో ఊరి బయట పెట్టిన ఫ్యాక్టరీ (తర్వాతి ఎల్‌జీ పాలిమర్స్) చుట్టూ ఇళ్లు అల్లుకుపోయాయి. 2020 మే 7 తెల్లవారుజామున స్టైరీన్ ఆవిరి లీకై కనీసం 12 మంది చనిపోయారు. ప్రమాదకర పరిశ్రమకూ నివాసానికీ మధ్య ఎడం ఉంచాల్సింది మాస్టర్ ప్లానే. పటం మీద ఊదా (పరిశ్రమలు), పసుపు (నివాసాలు) రంగులు ఆనుకుని ఉన్న చోటల్లా ఈ ప్రశ్న ఇంకా అలాగే ఉంది.

2024లో ప్రభుత్వం మారాక 2041 ప్లాన్‌ను సవరించే పని మొదలైంది. సవరణ పటాలు వచ్చినప్పుడు కార్పొరేటర్లకు ఎదురయ్యే తొలి ఇబ్బంది చాలా మామూలుది: ప్లాన్ రెవెన్యూ గ్రామం, సర్వే నంబర్లతో ఉంటుంది, వార్డులేమో వీధులతో ఉంటాయి. ఏ గీత తన వార్డులో ఎవరి ఇంటి మీదుగా వెళ్తుందో చూడగానే తెలియదు. గ్రామ పటం, ఎఫ్‌ఎంబీ స్కెచ్ (సర్వే నంబరు కొలతల పటం) దగ్గర పెట్టుకుని సబ్‌డివిజన్ వరకు దిగాలి. గెడ్డ పోరంబోకు సర్వే నంబర్లను రెవెన్యూ రికార్డుతో సరిపోల్చాలి. పటంలో నీలిగీత మాయమైన చోట తర్వాత అపార్ట్‌మెంట్ వస్తుంది. ప్రతిపాదిత రోడ్డు మీద అభ్యంతరం రాసేటప్పుడు సర్వే నంబరు, ప్రస్తుత వినియోగం, రోడ్డు వెడల్పు, ప్రత్యామ్నాయ మార్గం నాలుగూ ఉండాలి. మా ఇళ్లు పోతున్నాయని మాత్రమే రాస్తే అది గుట్టలో కలిసిపోతుంది, లేదా గీత పక్కింటి మీదికి జరుగుతుంది. ప్లాన్ ఖరారయ్యాక విడివిడిగా జరిగే భూ వినియోగ మార్పిడులకు పత్రికా ప్రకటన తర్వాత సాధారణంగా 15 రోజులే గడువు. నెలకోసారి కలిసే కౌన్సిల్ ఆ గడువును అందుకోవాలంటే, ప్రకటన వచ్చిన రోజునే సంబంధిత వార్డు ప్రతినిధికి దాని నకలు చేరేలా, కౌన్సిల్ పేరిట అభ్యంతరం పంపే అధికారం ఓ ఉపసంఘానికి ఉండేలా ముందే తీర్మానం చేసుకోవాలి.

2021 మార్చిలో ఏర్పడిన కౌన్సిల్ ఐదేళ్ల గడువు 2026 మార్చి వరకే. మధ్యలో 2025 ఏప్రిల్ 19న 74 ఓట్లతో అవిశ్వాసం నెగ్గి మేయర్ మారారు. ఆ నెలల్లో నగరమంతా సంఖ్యాబలం లెక్కల మీదే మాట్లాడుకుంది. ఎన్నికలు ఆలస్యమై సవరణ ప్లాన్ ఆమోదం మళ్లీ ప్రత్యేకాధికారి కాలంలో పడితే, 2006లో జరిగిందే మళ్లీ జరుగుతుంది. అప్పుడు వార్డు తరఫున ఉండేది సర్వే నంబరుతో ఎవరికి వారు రాసుకున్న అభ్యంతర పత్రాలే. కాలనీ సంఘాలు తమ లేఅవుట్ ప్లాన్, గిఫ్ట్ డీడ్ నకళ్లు, ఎఫ్‌ఎంబీ స్కెచ్‌లు ఇప్పుడే తెచ్చిపెట్టుకోవాలి. ముసాయిదా వచ్చాక సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ, తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరిగితే అభ్యంతరాల గడువు కాస్తా అందులోనే అయిపోతుంది.