వంటనూనెకీ బయోడీజిల్‌కీ మధ్య జరిగేది

డీజిల్ ఇంజన్‌లో నేరుగా వంటనూనె పోస్తే నడుస్తుందా? నడుస్తుంది, కొన్నాళ్లు. 1900లో పారిస్ ప్రపంచ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజన్‌ని వేరుశనగ నూనెతో నడిపి చూపించారు, అది ఎంత నున్నగా నడిచిందంటే అందులో ఉన్నది నూనె అని కొద్దిమందికే తెలిసిందని ఆ ఇంజన్ కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిల్ తర్వాత చెప్పుకున్నాడు. అయితే ఆ తర్వాత ఇంజన్లన్నీ పెట్రోలియం నుంచి తీసిన పలుచటి డీజిల్‌కి తగ్గట్టుగా తయారయ్యాయి. మామూలు వంటనూనె దానికంటే సుమారు పది రెట్లు చిక్కగా ఉంటుంది. అంత చిక్కటిది ఇంధనాన్ని ఇంజన్‌లోకి చిమ్మే ఇంజెక్టర్ సన్నటి రంధ్రాల్లోంచి తుంపరగా చీలదు, పెద్ద బొట్లుగా పడి సరిగా కాలదు, మిగిలింది ఇంజెక్టర్ మొన మీదా పిస్టన్ రింగుల సందుల్లోనూ మసిగా గట్టిపడుతుంది, కొంత కిందికి దిగి ఇంజన్ ఆయిల్‌ని కూడా పాడుచేస్తుంది.

కాబట్టి నూనెని పలచన చెయ్యాలి. అంటే ఏదో కలిపి కాదు, అణువునే విడగొట్టి. నూనె అణువులో మూడు పొడవాటి కొవ్వు ఆమ్లాల గొలుసులు గ్లిజరాల్ అనే ఒక చిన్న అణువుకి అతుక్కుని ఉంటాయి. కాస్టిక్ సోడా కరిగించిన మిథనాల్ అనే ఆల్కహాల్‌ని నూనెలో పోసి 60 డిగ్రీల దగ్గర (మిథనాల్ 65 డిగ్రీలకే మరిగిపోతుంది) బాగా కలిపితే ఆ మూడు గొలుసులూ గ్లిజరాల్‌ని వదిలేసి తలా ఒక మిథనాల్‌ని పట్టుకుంటాయి. కాసేపు కదపకుండా ఉంచితే బరువైన గ్లిజరిన్ (గ్లిజరాల్‌కే ఇంకో పేరు) అడుగుకి చేరుతుంది, పైన తేలేదే బయోడీజిల్. 100 కిలోల నూనెకి సుమారు 10 కిలోల మిథనాల్ ఖర్చవుతుంది, సుమారు 100 కిలోల బయోడీజిలూ 10 కిలోల గ్లిజరినూ వస్తాయి. ఇంతే కదా, ఇంట్లో చేసేద్దాం అనుకునేవాళ్లు ఉంటారు, దయచేసి వద్దు. మిథనాల్ ఆవిరి చటుక్కున అంటుకుంటుంది, ఒంట్లోకి వెళ్తే చూపు పోతుంది, ప్రాణం కూడా పోవచ్చు.

ఇది కొత్త సంగతేమీ కాదు. 1937లోనే బెల్జియంలో షవాన్ అనే శాస్త్రవేత్త దీనికి పేటెంట్ తీసుకున్నాడు, మిథనాల్ బదులు ఇథనాల్‌తో, పామాయిల్ మీద. మరుసటి ఏడాదే ఆ ఇంధనంతో బస్సు కూడా నడిపారు.

వేపుళ్లకి వాడేసిన నూనెతో చేస్తే ఇంకా మంచిదే కానీ దానికి పని ఎక్కువ. వేడికీ తేమకీ ఆ నూనెలో కొన్ని గొలుసులు ముందే ఊడిపోయి విడి ఆమ్లాలుగా ఉంటాయి, వాటికి కాస్టిక్ సోడా తగిలితే వచ్చేది సబ్బు. ఆ సబ్బు నురుగులో బయోడీజిల్, గ్లిజరిన్ విడిపోకుండా చిక్కుకుపోతాయి. అందుకే ముందు నీళ్లు పోగొట్టి, అవసరమైతే సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో ఆ విడి ఆమ్లాలని సరిచేసి, అప్పుడు మొదలుపెడతారు.

తయారైన ఇంధనం గుణాలు చాలావరకు ఆ కొవ్వు ఆమ్లాల గొలుసు మీదే ఆధారపడి ఉంటాయి. బరువులో సుమారు 11 శాతం ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పొగా మసీ తగ్గుతాయి, కానీ అంతమేరకు శక్తీ తగ్గుతుంది, నైట్రోజన్ ఆక్సైడ్లు మాత్రం కొంచెం పెరగొచ్చు. నాకు ఆసక్తిగా అనిపించేది చలి సంగతి. పామాయిల్‌లో లాగా డబుల్ బాండ్లు (రెండు కార్బన్ల మధ్య ఉండే జంట బంధాలు) తక్కువున్న గొలుసులు చక్కగా మండుతాయి, నిల్వా ఉంటాయి, తీరా కాస్త చలి తగలగానే గడ్డకట్టడం మొదలెడతాయి. సోయా, ఆవ నూనెల్లో లాగా డబుల్ బాండ్లు ఎక్కువుంటే చలికి తట్టుకుంటాయి, కానీ గాలి తగిలి త్వరగా పాడై జిగురవుతాయి. రెండూ ఒకేసారి దక్కే నూనె లేదు! అందుకే చాలాచోట్ల మామూలు డీజిల్‌లో కలిపే వాడతారు, బీ20 అంటే 20 శాతం బయోడీజిల్ అని. పాత ట్యాంకుల్లో పేరుకున్న మురికిని ఇది కరిగించి కదిలిస్తుంది కాబట్టి మొదట్లో ఫిల్టర్లు మూసుకుపోవడం మామూలే, పాతకాలపు రబ్బరు గొట్టాలైతే ఉబ్బుతాయి.

మొక్క గాలిలోంచి తీసుకున్న కార్బనే తిరిగి గాలిలోకి వెళ్తుంది కాబట్టి లెక్క సరి అంటారు. పూర్తిగా సరి కాదు. మామూలుగా వాడే మిథనాల్ ఎక్కువగా సహజవాయువు, బొగ్గుల నుంచి వచ్చేదే, అంటే ఒక బయోడీజిల్ అణువులో ఉన్న సుమారు 19 కార్బన్లలో ఒకటి భూమిలోంచి తవ్వి తీసిందే. ఇది చిన్న విషయమే, ఎరువులూ భూమీ పెద్ద విషయాలు. పామాయిల్ కోసం అడవి కొట్టి, పీట్ నేలని (సగం కుళ్లిన మొక్కలు పేరుకున్న చిత్తడి నేలని) ఎండబెడితే అందులోంచి వెలువడే కార్బన్‌ని ఇంధనంతో పూడ్చడానికి దశాబ్దాలు, శతాబ్దాలు కూడా పడుతుంది. నా మటుకు పంట నూనెతో చేసే బయోడీజిల్ మీద పెద్ద నమ్మకం లేదు, వాడేసిన నూనెతో చేస్తే మాత్రం ఎందుకు కాదనాలి? కాకపోతే అది దొరికేదే కొంచెం.

ఇంకో మాట, రెన్యూవబుల్ డీజిల్ అని ఒకటుంది, చాలామంది దీన్నే బయోడీజిల్ అనుకుంటారు. అక్కడ మిథనాల్ బదులు హైడ్రోజన్‌తో నూనెలోని ఆక్సిజన్‌ని తీసేస్తారు, వచ్చేది అచ్చం పెట్రోలియం డీజిల్ లాంటిదే, ఎంత పాళ్లలో కలిపినా ఇబ్బంది ఉండదు, చలికి తగ్గట్టు తయారుచేసుకోవచ్చు కూడా. దానికి రిఫైనరీ స్థాయి ప్లాంటు కావాలి, బయోడీజిల్‌కి చిన్న షెడ్డూ రెండు ట్యాంకులూ చాలు. ముడిసరుకు మాత్రం రెండింటికీ ఒకటే కాబట్టి వాడేసిన నూనె కోసం ఇప్పుడు రెండు రకాల ఫ్యాక్టరీలూ పోటీ పడుతున్నాయి.