బెంగళూరు మనకి చల్లగా ఉంటే చించిల్లాకి చల్లగా ఉన్నట్టు కాదు

రీల్స్‌లో చించిల్లాని చూసి ముచ్చటపడిపోయి, బెంగళూరు ఎలాగూ చల్లటి ఊరే కదా ఇక్కడ పెంచేసుకోవచ్చులే అనుకునేవాళ్ళు నాకు తెలిసినవాళ్ళలోనే ఉన్నారు. ఏ బొచ్చుని చూసి ముచ్చటపడుతున్నారో, దాని కష్టాలన్నీ ఆ బొచ్చు వల్లే.

చించిల్లా ఎలుకల జాతిదే, గినీ పిగ్‌కి చుట్టం. సొంతూరు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలు. పొడుగు తోకది, పొట్టి తోకది అని రెండు రకాలున్నాయి, పొడుగు తోకది అడవిలో ఇప్పుడు చిలీలో మాత్రమే మిగిలింది, ఇళ్ళల్లో కనిపించేవి దాదాపు అన్నీ దాని సంతతే. అక్కడంతా రాళ్ళు, ముళ్ళ పొదలు, వాన చాలా తక్కువ, రాత్రిళ్ళు చలి కొరికేస్తుంది. అందుకే పగలంతా బండల సందుల్లో పడుకుని పొద్దుగూకాక బయటికొచ్చి గడ్డీ గింజలూ ఆకులూ తింటాయి.

ఇక బొచ్చు సంగతి. మన తలమీద ఒక్కో కుదురులోంచి ఒకటో రెండో మూడో వెంట్రుకలొస్తే దీనికి 50కి పైనే వస్తాయి, నేలమీద తిరిగే జంతువుల్లో ఇంత ఒత్తు ఇంకోదానికి లేదంటారు. నక్క వచ్చి పట్టుకుందనుకోండి, పట్టుకున్న చోట బొచ్చు కుచ్చులాగా ఊడొచ్చేస్తుంది, నక్క నోట్లో బొచ్చు మిగులుతుంది, ఇది పరార్. (ఇంట్లో పిల్లలు గట్టిగా పట్టుకున్నా ఇదే జరుగుతుంది, ఆ బోడి మచ్చ పూడటానికి నెలలు పడుతుంది.)

నక్క నుంచి కాపాడిన బొచ్చే మనుషుల చేతిలో కొంప ముంచింది. 19వ శతాబ్దం చివరికొచ్చేసరికి యూరప్, అమెరికా ఫ్యాషన్ కోసం చిలీ నుంచి ఏటా లక్షల్లో చర్మాలు ఓడలెక్కాయి, ఒక్క పొడుగు కోటు కుట్టాలంటే వందకి పైగా ప్రాణాలు పోవాలి మరి. 1910లో చిలీ, పెరూ, బొలీవియా, అర్జెంటీనా కూర్చుని వేట ఆపాలని ఒప్పందం రాసుకున్నాయి, అప్పటికి ఆపడానికి పెద్దగా ఏం మిగల్లేదు. 1983లో చిలీలో ఇయ్యాపెల్ ఊరి దగ్గర వీటికోసమే ఒక రిజర్వ్ పెట్టారు. అయినా రెండు రకాలూ ఇప్పటికీ అంతరించిపోయే ప్రమాదంలోనే ఉన్నాయి, ఎందుకంటే రిజర్వ్ బయట గనుల తవ్వకం, మేకల మేత, కట్టెల కోసం పొదలు కొట్టేయడం ఆగలేదు కదా.

మరి ఇళ్ళల్లోకి ఎలా వచ్చాయంటే, చిలీలో రాగి గని కంపెనీలో పనిచేసిన మథయాస్ చాప్‌మన్ అనే అమెరికా ఇంజనీరు 1923లో డజనుకి మించకుండా చించిల్లాల్ని కాలిఫోర్నియా పట్టుకెళ్ళాడు. ఎత్తు మీంచి ఒక్కసారిగా దించితే తట్టుకోలేవని మెల్లమెల్లగా అలవాటు చేస్తూ కిందికి దించి, ఓడలో ఐస్ పెట్టి చల్లబరుస్తూ తీసుకెళ్ళాడు. ప్రేమతో కాదులెండి, బొచ్చు ఫారం పెట్టడానికి. ఇవాళ పెంపకంలో ఉన్నవి చాలావరకు వాటి వారసులే, తర్వాత చెవుడు మీద పరిశోధనలకి కూడా వీటినే వాడారు, వీటికి వినిపించే పరిధి మనదానికి దగ్గరగా ఉంటుందని. మన దేశం మాత్రం 2017లో చించిల్లా బొచ్చు దిగుమతిని నిషేధించింది, మంచి పనే.

మారతహళ్ళిలో మా పిన్ని కూతురింట్లో ఒకటుంది. దాన్ని నీళ్ళతో కడగకూడదు, అంత ఒత్తు బొచ్చు లోపలిదాకా ఆరదు, ఆరకపోతే ఫంగస్ పట్టేస్తుంది. అందుకని గిన్నెలో మెత్తటి బూడిదలాంటి పొడి పోస్తే అందులో దూకి గిరగిరా దొర్లుతుంది, ఒంటి జిడ్డూ తేమా ఆ పొడే లాగేస్తుంది, ఆ పొడి మాత్రం సోఫా మీదా టీవీ మీదా పరుచుకుంటుంది. ఆవులిస్తే ముందు పళ్ళు నారింజ రంగులో కనబడతాయి, జబ్బేమో అనుకుంటాం కానీ ఆరోగ్యంగా ఉంటే అలాగే ఉంటాయట. ఒంగోలు నుంచి వచ్చిన పిన్ని చూసి "ఎలుకకి ఏసీ ఏంటే, నాకు లేదు ఈ భోగం" అంది.

భోగం కాదు, అవసరం. 25 డిగ్రీలు దాటితే దీనికి ఇబ్బంది మొదలు, ఇంకాస్త పెరిగితే వడదెబ్బే, ప్రాణం పోవచ్చు. మనలా చెమట పట్టదు, ఫ్యాను హాయిగా ఉండేది చెమట ఆరడం వల్లే కాబట్టి దీనికి ఫ్యాను వేసినా పెద్దగా లాభం లేదు, కూలర్ అయితే గాలిలో తేమ పెంచి ఇంకా చెడగొడుతుంది. ఒంట్లో వేడి బయటికి పోయేది ఎక్కువగా ఆ పెద్ద చెవుల్లోంచే, అవి ఎర్రగా కందితే మా చెల్లి చేసే పనల్లా ఆపేసి రిమోట్ వెతుక్కుంటుంది. బెంగళూరులో ఏప్రిల్‌లో 35 దాటడం మామూలే, 2016లో 39.2 కొట్టింది. పైగా చాలా అపార్ట్‌మెంట్లలో కరెంటు పోతే జనరేటర్ మీద లైట్లూ ఫ్యాన్లే నడుస్తాయి, ఏసీ నడవదు. చెన్నైలో ఉక్కపోత కూడా కలుస్తుంది కాబట్టి అక్కడున్నవాళ్ళు ఆ ఆలోచనే పెట్టుకోకపోవడం మంచిది.

ఇంకో సంగతి, పళ్ళు బతికున్నన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి, రోజంతా ఎండుగడ్డి నమిలి అరగదీసుకోవాలి, బిస్కెట్లు కిస్మిస్‌లు పెడితే కడుపు ఉబ్బుతుంది, వాంతి కూడా చేసుకోలేదు పాపం. కుక్కల్ని చూసే డాక్టర్లందరికీ వీటి పళ్ళ సంగతి తెలియదు, తెచ్చుకునే ముందే తెలిసిన డాక్టర్ దగ్గర్లో ఉన్నాడో లేడో కనుక్కోవాలి. బాగా చూసుకుంటే 15, 20 ఏళ్ళు బతుకుతుంది, ఆన్‌సైట్ ఆఫర్ వచ్చిన రోజు ఏసీ గది, కరెంటు బిల్లుతో సహా దీన్ని ఎవరు తీసుకుంటారో ఇప్పుడే అడిగి పెట్టుకోండి.