‘పిల్లలు లేరు కదా, విడాకులు ఈజీనే’: అపోహలు, వాస్తవాలు

విడాకుల సలహా కోసం నా దగ్గరకు కొత్తగా వచ్చినవాళ్లు కుర్చీలో కూర్చోగానే అనే మాట ఇది. "పిల్లలు లేరు మేడమ్, సంతకాలు పెడితే అయిపోతుంది కదా?" పిల్లలు ఎవరి దగ్గర ఉండాలనే కస్టడీ ముడి లేని మాట నిజమే. మిగతా ముళ్లన్నీ ఉంటాయి. ఇక్కడ రాస్తున్నది హిందూ వివాహ చట్టం వర్తించే పెళ్లిళ్ల గురించి, అందులోనూ ఇద్దరూ ఒప్పుకుని తీసుకునే మ్యూచువల్ విడాకుల గురించి.

అపోహ: పెద్దమనుషుల ముందు బాండ్ పేపర్ రాసుకుంటే చాలు.

వాస్తవం: "నేటి నుంచి ఒకరిపై ఒకరికి ఏ హక్కూ లేదు" అని వంద రూపాయల స్టాంపు కాగితం, కింద సాక్షుల సంతకాలు, నోటరీ ముద్ర. దాన్ని నమ్మి రెండో పెళ్లి చేసుకుని, ఆ తర్వాత నా దగ్గరకు వచ్చినవాళ్లున్నారు. కోర్టు డిక్రీ, అంటే విడాకుల తీర్పు, లేకపోతే మొదటి పెళ్లి అలాగే ఉంటుంది. రెండోది చెల్లదు, పైగా నేరం. కొన్ని కులాల్లో ఉన్న ఆచార విడాకులను చట్టం గుర్తిస్తుంది కానీ, ఆ ఆచారం ఉందని రుజువు చేసుకోవాల్సింది మీరే.

అపోహ: ఏడాది పాటు వేరే వేరే ఇళ్లలో ఉండి తీరాలి.

వాస్తవం: మ్యూచువల్ విడాకుల గురించి చెప్పే సెక్షన్ 13బి అడిగేది ఏడాదిగా విడిగా ఉండటం. ఒకే కప్పు కింద ఉన్నా భార్యాభర్తలుగా బతకకపోతే అది విడిగా ఉండటమేనని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. రెండు అద్దెలు కట్టలేక ఒకే ఫ్లాట్‌లో చెరో గదిలో ఉండేవాళ్లు మనకు తక్కువేం కాదు.

అపోహ: ఆరు నెలల కూలింగ్ పీరియడ్ ఇప్పుడు లేదు.

వాస్తవం: ఉంది. ఇద్దరూ కలిసి పిటిషన్ వేయడం ఫస్ట్ మోషన్, ఆరు నెలల తర్వాత మళ్లీ కోర్టుకొచ్చి అదే మాట చెప్పడం సెకండ్ మోషన్. 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఏమిటంటే, తగిన కేసుల్లో జడ్జి ఆ గడువు మాఫీ చేయవచ్చని. సాధారణంగా పిటిషన్ వేసేనాటికే ఏడాదిన్నర విడిగా ఉండి, రాజీ ప్రయత్నాలు ఫలించక, డబ్బు లెక్కలన్నీ తేలి ఉండాలి. అడిగిన వెంటనే దొరికేది కాదు. ఇంకో సంగతి, డిక్రీ వచ్చేలోపు ఇద్దరిలో ఎవరైనా సమ్మతి వెనక్కి తీసుకోవచ్చు.

అపోహ: పిటిషన్‌లో ఎదుటివాళ్ల తప్పులన్నీ రాయాలి.

వాస్తవం: అక్కర్లేదు. కలిసి బతకలేకపోతున్నాం, ఇద్దరం ఒప్పుకున్నాం, అంతే.

కాగితాల విషయానికొస్తే, మ్యారేజ్ సర్టిఫికెట్ లేదని ఆగిపోకండి. శుభలేఖ, పెళ్లి ఫొటోలు, ఇద్దరి ఆధార్, అడ్రస్ ప్రూఫ్‌లు తెచ్చుకుంటే పిటిషన్ తయారీ మొదలవుతుంది. అసలు శ్రద్ధ పెట్టాల్సింది ఒప్పంద పత్రం మీద. "లావాదేవీలన్నీ సెటిల్ అయ్యాయి" అని ఒక్క వాక్యంతో ముగించే పత్రాలు చూస్తే నాకు భయం. ఏ నగ ఎన్ని గ్రాములు, ఎవరి దగ్గరుంది, ఏ రోజు ఇస్తారు? భరణం ఎంత, డీడీ ఏ మోషన్‌లో చేతికందుతుంది? ఒకరి మీద ఒకరు పెట్టుకున్న కేసులు ఎలా ముగుస్తాయి? (పిల్లలు లేకపోతే భరణం ఉండదనుకోవడం ఇంకో అపోహ. సెక్షన్ 25లో అలాంటి షరతు లేదు.) జాయింట్ హోమ్ లోన్ ఉంటే మరీ జాగ్రత్త. ఈఎంఐ భర్తే కడతాడని మీరిద్దరూ రాసుకోవచ్చు. బ్యాంకుకు దాంతో పనిలేదు, కట్టకపోతే ఇద్దరినీ అడుగుతుంది. లోన్ ఒకరి పేరుకు మారాకే ఆ విషయం తేలినట్టు.

అపోహ: పిల్లలు లేరు కాబట్టి బాధ తక్కువ.

వాస్తవం: "అదృష్టవంతురాలివి, పిల్లలు లేరు" అని చుట్టాలు ఓదార్పుగానే అంటారు. ఆ మాటతో ఏడవడానికి కూడా హక్కు లేదనిపిస్తుందని ఒకావిడ నాతో అంది. పిల్లలు కావాలని ఏళ్ల తరబడి హాస్పిటళ్ల చుట్టూ తిరిగి విడిపోయినవాళ్లకు ఆ మాట ఇంకెలా తగులుతుందో చెప్పక్కర్లేదు. ఇంకో జంట లక్షల దగ్గర ఇట్టే రాజీపడి, ఒక వెండి కంచం దగ్గర రెండు నెలలు ఆగిపోయింది. భర్త అమ్మమ్మ ఇచ్చిన కంచం అది, భార్య రోజూ దాంట్లోనే తినేది. అలాంటప్పుడు చట్టం మాట్లాడి లాభం లేదు. నేను ఫైల్ మూసి టీ తెప్పిస్తాను.

సెకండ్ మోషన్ నాడు జడ్జి అడిగేది నాలుగైదు ప్రశ్నలు, పది నిమిషాల పని. ఇన్నేళ్ల కాపురం పది నిమిషాల్లో అయిపోయిందా అని మెట్ల మీద కూలబడ్డవాళ్లను, మగవాళ్లను కూడా, చూశాను. ఆ రోజు ఒంటరిగా రావద్దని, సాయంత్రం ఎవరింట్లోనైనా ఉండమని ముందే చెబుతాను. నిద్ర పట్టని రాత్రులు వారాల తరబడి సాగితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. వకీలు ఫీజుకు డబ్బుల్లేవని ఆగిన ఆడవాళ్లు న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కి చేయండి. ఆదాయంతో సంబంధం లేకుండా మహిళలకు న్యాయ సహాయం ఉచితం.

డిక్రీ వచ్చాక సర్టిఫైడ్ కాపీలు రెండు మూడు తీసుకోండి. పీఎఫ్, ఇన్సూరెన్స్, బ్యాంకు ఖాతాల్లో నామినీ పేరు దానంతటదే మారదు. ఆ వారంలోనే మార్చేయండి.