సౌండ్ బాక్సుకు ఎవరు చెబుతారు?

చిరంజీవులు చిన్నికి, బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

చిన్నీ, నీ ప్రశ్న అందింది. "అమ్మ ఫోను క్యూఆర్ స్టిక్కర్‌ని చూస్తుంది. డబ్బు పడగానే ఎంత పడిందో పైకి పలికే సౌండ్ బాక్సు, అదే కూరగాయల బండి మీది పెట్టె, అటు తిరిగి ఉంటుంది. మరి అమ్మ నలభై రూపాయలు కట్టిందని దానికెలా తెలుస్తుంది?" అని అడిగావు. అమ్మ ఫోనులోంచి గాల్లో ఏదో పెట్టెలోకి దూకుతుందని బుజ్జి వాదిస్తున్నాడట. ఇద్దరికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నాను, కూర్చుని చదువుకోండి.

ముందు బుజ్జి మాట తేల్చేద్దాం. అమ్మ ఫోనుకూ ఆ పెట్టెకూ నేరుగా ఏ సంబంధమూ లేదు. స్టిక్కరుకూ పెట్టెకూ మధ్య కూడా ఏమీ లేదు. స్టిక్కరు వట్టి కాగితం. ఆ నల్ల గళ్ళలో ఉన్నది ఒక చిరునామా మాత్రమే, అంటే ఆ కూరలమ్మే ఆవిడ ఖాతాకు యూపీఐలో ఉన్న పేరు. ఆ స్టిక్కరు ఫొటో తీసి హైదరాబాదులో ఉన్న పిన్నికి పంపితే, పిన్ని అక్కడి నుంచి కట్టినా బండి మీద పెట్టె పలుకుతుంది. ఆవిడ పెట్టెను ఇంట్లో మరిచిపోయి వస్తే, మీరు బండి దగ్గర కట్టిన డబ్బుకు ఆ ఖాళీ ఇంట్లో పలుకుతుంది.

మరి కబురు ఎటు నుంచి వెళ్తోంది? దీనికి మీకు మనియార్డరు గురించి చెప్పాలి.

మా చిన్నప్పుడు పట్నంలో ఉద్యోగం చేసే కొడుకు పల్లెలో ఉన్న తల్లికి డబ్బు పంపాలంటే పోస్టాఫీసుకు వెళ్ళి ఒక ఫారం నింపేవాడు. ఎవరికి, ఏ ఊరు, ఎంత అన్నది అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయాలి. డబ్బూ, దానిమీద కమిషనూ కిటికీలో కట్టి రసీదు తీసుకోవాలి. ఫారం అడుగున చిన్న కూపన్ ఉండేది. అందులో "అమ్మా, క్షేమం. పండక్కి వస్తాను" అని రెండు ముక్కలు రాసుకోవచ్చు. డబ్బు ఖర్చయిపోయినా ఆ కూపన్లను దూలంలో గుచ్చి దాచుకున్న ఇళ్ళు ఎన్నో. నాలుగైదు రోజులకు పోస్టుమాన్ వాకిట్లో నిలబడి "మనియార్డరొచ్చిందమ్మా" అని కేకేసేవాడు. ఆ కేక వీధి వీధంతా వినేది. తల్లి సంతకం పెడితే, చదువు రాకపోతే సాక్షి ఎదుట వేలిముద్ర వేస్తే, డబ్బు లెక్కపెట్టి చేతిలో పెట్టేవాడు. ఆ సంతకం ఉన్న చీటీ తిరిగి పోస్టులో కొడుక్కి చేరేది. అప్పుడు గానీ అతనికి నిద్ర పట్టేది కాదు.

ఇందులో ఒక సంగతి గమనించండి. కొడుకు కిటికీలో ఇచ్చిన నోట్లే పల్లెకు వెళ్ళేవి కావు. వెళ్ళింది ఫారం. అక్కడి పోస్టాఫీసు ఆ ఫారం చూసి తన దగ్గరున్న డబ్బు ఇచ్చేది.

యూపీఐలో జరిగేదీ అదే. అమ్మ ఫోను స్టిక్కరు మీది చిరునామా చదువుతుంది. అమ్మ మొత్తం వేసి పిన్ కొట్టగానే ఫారం నిండినట్టు. ఆ ఫారం ఎన్‌పీసీఐ అనే సంస్థ దగ్గరికి వెళ్తుంది. 2008లో రిజర్వు బ్యాంకూ మిగతా బ్యాంకులూ కలిసి దాన్ని పెట్టాయి, 2016లో అది యూపీఐని మొదలుపెట్టింది. మనియార్డరు లెక్కన అది అన్ని ఊళ్ళ సంచులూ వచ్చి కలిసే పెద్ద పోస్టాఫీసు. అక్కడ ముందు ఆ చిరునామా ఏ బ్యాంకులో ఏ ఖాతాదో తేలుస్తారు. తర్వాత అమ్మ బ్యాంకును అడుగుతారు. బ్యాంకు పిన్ సరిచూసి, ఖాతాలో అంత ఉందో లేదో చూసి, నలభై రూపాయలు తీసేసి సరేనంటుంది. అప్పుడు కూరలమ్మే ఆవిడ బ్యాంకుకు "నలభై వెయ్యండి" అని కబురు. ఆ బ్యాంకు వేశామని జవాబిచ్చాక అమ్మ ఫోనులో పచ్చ టిక్కు వస్తుంది. ఆవిడకు పెట్టె ఇచ్చిన కంపెనీకి కూడా ఇటు నుంచి కబురు అందుతుంది. ఆ కంపెనీయే పెట్టెకు చెబుతుంది. ఇంత తిరుగుడూ మామూలుగా కొన్ని సెకన్లలో అయిపోతుంది. అమ్మ కొత్తిమీర సంచిలో వేసుకునే లోపు రెండు బ్యాంకులు మాట్లాడుకున్నాయన్నమాట.

ఇంతకీ పెట్టెకు ఎలా చెబుతుంది? దాన్ని విప్పి చూస్తే లోపల ఒక స్పీకరు, ఒక బ్యాటరీ, చిన్న సర్క్యూటు బోర్డు, దాని మీద ఒక సిమ్ కార్డు ఉంటాయి. అవును, నాన్న ఫోనులో ఉన్నలాంటి సిమ్మే. కానీ దానికి మనం ఫోన్ చెయ్యలేం, అది కంపెనీ సర్వరుతో మాత్రమే మాట్లాడుతుంది. ఒక్కో పెట్టెకు ఒక్కో నంబరు ఉంటుంది. కొట్టుకు ఇచ్చే రోజునే ఆ నంబరును ఆ కొట్టు ఖాతాతో ముడివేస్తారు. అందుకే పక్కపక్కన ఉన్న రెండు బళ్ళ పెట్టెలు ఒకదాని డబ్బుకు ఇంకొకటి పలకవు.

సర్వరు నుంచి వచ్చే కబురు చాలా చిన్నది. పాట పంపినట్టు గొంతంతా పంపరు, మొత్తం ఎంతో మాత్రం పంపుతారు. పలకాల్సిన మాటలు చాలా పెట్టెల్లో ముందే ముక్కలు ముక్కలుగా రికార్డు చేసి ఉంటాయి. తెలుగులో 1 నుంచి 20 దాకా విడివిడిగా ఇరవై ముక్కలు, ముప్పై నుంచి తొంభై దాకా ఏడు ముక్కలు, వెరసి 27 ఉంటే 99 దాకా ఏ అంకెనైనా అతికించి పలకొచ్చు. నలభై, ఐదు కలిపితే నలభై ఐదు. హిందీలో ఈ సుఖం లేదు, అక్కడ నలభై ఐదుకు పైంతాలీస్, యాభై ఐదుకు పచ్‌పన్. దాదాపు ప్రతి అంకెకూ వేరే ముక్క కావాలి.

అయితే మన చిక్కు వందల దగ్గర మొదలవుతుంది. వంద రూపాయలంటాం, కానీ నూట ఐదు అంటాం. రెండు వందలు అంటాం, యాభై చేరితే రెండు వందల యాభై అంటాం. రెండు వేలు, రెండు వేల ఐదు వందలు. ఒక్కటైతే రూపాయి, ఎక్కువైతే రూపాయలు. వంద, నూట, వందలు, వందల అని నాలుగు ముక్కలు పెట్టుకుని, ఎక్కడ ఏది అతకాలో లెక్క రాసి పెట్టినవాళ్ళ పెట్టె మనిషిలా పలుకుతుంది. బద్ధకించినవాళ్ళ పెట్టె "రెండు వందలు యాభై" అంటుంది. పట్టించుకోకపోయినా డబ్బు లెక్క తప్పదు. కానీ రోజుకు వందసార్లు వినే మాట చక్కగా ఉండాలని ఎవరో ఒకరు కూర్చుని ఆలోచించడం నాకెంతో గౌరవంగా అనిపిస్తుంది.

అసలు ఈ పెట్టె ఎందుకు పుట్టిందో కూడా తెలుసుకోండి. మొదట్లో స్టిక్కరు ఒక్కటే ఉండేది. డబ్బు పడిందో లేదో చూసుకోవాలంటే ఆవిడ ఫోను తియ్యాలి. ఒక చేతిలో తక్కెడ, ఇంకో చేయి తడి, ఎదుట నలుగురు బేరగాళ్ళు. మెసేజీ ఒక్కోసారి ఆలస్యంగా వచ్చేది. కొందరు దుర్మార్గులు పాత స్క్రీన్‌షాటు చూపించి, టిక్కు బొమ్మ వేసే దొంగ యాప్ చూపించి సరుకుతో వెళ్ళిపోయేవారు. చెయ్యి ఖాళీ లేదు, కన్ను ఖాళీ లేదు, చెవి ఒక్కటే ఖాళీగా ఉంది. డబ్బు కబురును చెవికి మార్చినవాళ్ళు ఆ బండి దగ్గర నిలబడి చూసి ఉంటారు. ఆఫీసులో కూర్చుని గీస్తే తట్టే ఉపాయం కాదిది.

దీనికి లోపాలూ ఉన్నాయి. మందుల షాపులో ఎవరు ఎంత కట్టారో వరసలో ఉన్నవాళ్ళందరికీ వినపడుతుంది. చెవులు వినపడని కొట్టువాళ్ళకు వట్టి మాట పనికిరాదు, అంకె చూపించే చిన్న తెర ఉన్న పెట్టె కావాలి. అలాంటివి వస్తున్నాయి, ఇంకా రావాలి. పైగా ఇలాంటి యూపీఐ చెల్లింపుల మీద 2020 జనవరి నుంచి కొట్టువాళ్ళ దగ్గర శాతం కొయ్యకూడదన్న నియమం ఉంది కాబట్టి, చాలా కంపెనీలు పెట్టెకు నెలనెలా అద్దె తీసుకుంటాయి. చిన్న బండికి అదీ ఖర్చే.

పెట్టె పలకకపోతే ఏం చెయ్యాలో చెబుతాను, ఇది అమ్మకు కూడా చదివి వినిపించండి. ఫోనులో టిక్కు వచ్చి పెట్టె మౌనంగా ఉంటే చాలాసార్లు తప్పు పెట్టెదే. ఛార్జింగు అయిపోయి ఉంటుంది, లేదా రేకుల కొట్టులో లోపలి మూలకు పెట్టడం వల్ల సిమ్‌కు సిగ్నల్ అందదు. దాన్ని బయటి వైపు జరిపితే ఆగిపోయిన కబురు ఒక్కోసారి ఆలస్యంగా పలుకుతుంది. ఈ లోపు కొట్టువాళ్ళు తమ యాప్‌లో చూసుకోవచ్చు. చూసుకునే దాకా ఆగడం మన మర్యాద, నా టిక్కు నమ్మరా అని గద్దించకూడదు. టిక్కు రాకుండా "ప్రాసెసింగ్" అని తిరుగుతూ ఉంటే వెంటనే రెండోసారి కట్టొద్దు. ముందు హిస్టరీ తెరిచి చూడాలి. అక్కడ 12 అంకెల నంబరు ఒకటి ఉంటుంది, మనియార్డరు రసీదు అదే, ఫిర్యాదుకు ఆ నంబరే అడుగుతారు. మన ఖాతాలో డబ్బు పోయి కొట్టుకు చేరకపోతే 5 రోజుల్లో దానంతటదే వెనక్కి రావాలని 2019లో రిజర్వు బ్యాంకు గడువు పెట్టింది. మనిషికి మనిషి పంపిన డబ్బయితే మర్నాటికల్లా రావాలి. గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి.

డబ్బు కట్టేముందు ఫోను చూపించే పేరు కూడా చదవాలి. కొట్టు స్టిక్కరు మీద రాత్రికి రాత్రి తమ స్టిక్కరు అంటించిపోయే దొంగలున్నారు. అలాంటప్పుడు అమ్మ ఫోనులో టిక్కు వస్తుంది, పెట్టె మాత్రం ఎంతసేపటికీ పలకదు. రెండు మూడు బేరాలకు వరసగా పలకలేదంటే కొట్టువాళ్ళు ముందు స్టిక్కరు గోటితో గీకి చూసుకోవాలి.

ఇంతదాకా మనియార్డరు పోలిక బాగానే నడిచింది. ఒకచోట మాత్రం అది తిరగబడుతుంది. మీరు బాగా గుర్తుపెట్టుకోవలసింది ఆ చోటే.

మనియార్డరులో సంతకం పెట్టేది డబ్బు పుచ్చుకునేవాళ్ళు. పెన్షన్‌కైనా, కూలి డబ్బుకైనా అంతే. వేలిముద్ర వేస్తే చేతిలో డబ్బు పడుతుంది. మీ నాయనమ్మ వయసువాళ్ళకు అది జీవితమంతా ఉన్న అలవాటు. యూపీఐలో పిన్ కొట్టేది డబ్బు ఇచ్చేవాళ్ళు. పుచ్చుకునేవాళ్ళు ఏమీ చెయ్యక్కర్లేదు. కూరలమ్మే ఆవిడ వేలైనా కదపలేదు, అయినా డబ్బు పడింది. సరిగ్గా ఈ తేడా దగ్గరే మోసగాళ్ళు కాచుకుని ఉంటారు. "అమ్మా, మీ పాత బీరువాకు డబ్బు పంపుతున్నాను. ఈ బొమ్మ స్కాన్ చేసి పిన్ కొట్టండి, మీ ఖాతాలో పడుతుంది" అంటారు. సంతకం పెట్టి డబ్బు తీసుకోవడానికి అలవాటు పడ్డ మనిషికి ఆ మాట సబబుగానే తోస్తుంది. అందుకని మోసపోయిన పెద్దవాళ్ళను తెలివితక్కువవాళ్ళనకండి. వాళ్ళ అలవాటును దొంగలు వాడుకున్నారు.

కాబట్టి మీ ఇద్దరికీ ఒక పని అప్పజెబుతున్నాను. నాయనమ్మ పక్కన కూర్చుని, "మనియార్డరుకు తీసుకునేవాళ్ళ సంతకం. దీనికి ఇచ్చేవాళ్ళ పిన్. మనకు రావాల్సిన డబ్బుకు పిన్ అడిగితే అది దొంగతనం" అని ఆవిడ తిరిగి మీకు చెప్పేదాకా చెప్పండి. పిన్ అడిగే పేజీ యాప్ ఏదైనా ఒకేలా ఉంటుంది, ఎందుకంటే అది యాప్‌వాళ్ళది కాదు, ఎన్‌పీసీఐ ఇచ్చినది. ఎంత పోతుందో, ఎవరికి పోతుందో అందులోనే ఉంటుంది. ఆ రెండూ చదవడం నాయనమ్మకు అలవాటు చెయ్యండి. అమ్మ పిన్ కొట్టేటప్పుడు మీరు మొహం పక్కకు తిప్పుకోవాలి సుమా. ఎప్పుడైనా ఎవరికైనా మోసం జరిగితే వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయించండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపడానికి అంత వీలు.

నల్ల గళ్ళలో చిరునామా ఎలా పట్టిందని కూడా అడుగుతారని తెలుసు. 1994లో జపాన్‌లో డెన్సో వేవ్ కంపెనీలో మసాహిరో హరా బృందం కార్ల విడిభాగాల లెక్క కోసం ఆ గళ్ళ బొమ్మను, అంటే క్యూఆర్ కోడ్‌ను, కనిపెట్టింది. అది పూర్తిగా విప్పి చెప్పాలంటే ఇంకో ఉత్తరం కావాలి. అంతవరకు ఇంట్లో ఉన్న ఏదైనా క్యూఆర్ బొమ్మ తీసుకోండి. మూడు మూలల్లో మూడు పెద్ద చదరాలుంటాయి, నాలుగో మూలలో ఉండదు. నాన్న ఫోనుతో స్కాన్ మాత్రమే చెయ్యండి, డబ్బు కట్టొద్దు. ముందు మధ్యలో చిన్న కాగితం ముక్క పెట్టి చూడండి. తర్వాత అదే ముక్కను ఒక పెద్ద చదరం మీద పెట్టి చూడండి. ఎక్కడ పెడితే చదివిందో, ఎక్కడ చదవలేదో బొమ్మ గీసి నాకు పంపండి. ఎందుకో మీకేం తోచిందో కూడా రాయండి. బుజ్జి ఊహ తప్పయినా సరే, రాయనివ్వు చిన్నీ.

మీ
తాతయ్య