కొండల్లో వరద తర్వాత ఇళ్లు కట్టుకోవడం: అపోహలు - వాస్తవాలు

2013 జూన్ 16 సాయంత్రం మొదలైన వరద, మర్నాడు ఉదయం కేదార్‌నాథ్ పైనున్న చోరాబారి సరస్సు గట్టు తెగడంతో మందాకిని లోయను ఊడ్చేసింది. మన యాత్రికులు కూడా చిక్కుకున్నారు కాబట్టి ఆ రోజులు మనకు గుర్తే. వాళ్లు ఇళ్లకు చేరాక ఆ లోయ పల్లెల్లో ఏం జరిగిందో తెలిసినవాళ్లు తక్కువ. నేను సివిల్ ఇంజనీరుగా అక్కడ ఇళ్ల పని చూశాను. ఎక్కడ కొండల్లో వరద వచ్చినా జనం నన్ను అడిగేవి ఇవే.

అపోహ: డబ్బు జనం చేతికిస్తే ఖర్చైపోతుంది, కాంట్రాక్టరుకు ఇస్తేనే ఇల్లు లేస్తుంది.

వాస్తవం: ప్రపంచ బ్యాంకు సాయంతో ఉత్తరాఖండ్ ప్రభుత్వం నడిపిన పథకంలో ఇంటికి 5 లక్షల రూపాయలు, పని సాగేకొద్దీ విడతలుగా ఇంటివాళ్లకే ఇచ్చారు. రెండు వేలకు పైగా ఇళ్లు అలా లేచాయి. 2001 భూకంపం తర్వాత గుజరాత్‌లోనూ ఎక్కువమంది తమ ఇళ్లు తామే కట్టుకున్నారు. రోడ్డు ఆగిపోయిన చోటు నుంచి సిమెంటు కంచరగాడిదల మీద పైకెక్కాలి. యాత్ర నడిచే నెలల్లో అవి దొరకవు, దొరికినా కిరాయి ఎక్కువ. ఇసుక ఎప్పుడు దింపుకోవాలో, ఏ మేస్త్రీ మాట మీద నిలబడతాడో ఊరివాళ్లకు తెలుసు. ఒకావిడ నేను గీసిన ప్లాను చూసి, కిటికీ నది వైపే పెట్టమంది. రాత్రి లేచి నీళ్లు చూసుకోవాలట. నది కనబడకపోతే భయం తగ్గుతుందని నేను దాన్ని వేరే వైపు పెట్టి గీశాను. ఆవిడ చెప్పిందే సరైనది.

అపోహ: తరతరాల అనుభవం ఉంది కదా, ఇంజనీరు ఎందుకు?

వాస్తవం: ఉత్తరకాశీ వైపు దేవదారు దూలాలు, రాళ్లు వరసలుగా పేర్చి కట్టిన పాత మేడలు భూకంపాలను తట్టుకుని నిలిచాయి, నిజమే. కానీ అంత కలప ఇప్పుడు దొరకదు. ఇప్పటి ఇళ్లు ఇటుక, సిమెంటు, స్లాబు. ఉన్నదేమో భూకంప ముప్పు బాగా ఉన్న ప్రాంతం. అందుకే ఇంటి చుట్టూ తెగకుండా తిరిగే కాంక్రీటు పట్టీ, రాతి గోడైతే రెండు ముఖాలనూ కలిపి పట్టే పొడవు రాళ్లు తప్పనిసరి. ఈ విషయంలో నేను ఎవరి మాటా వినను. పట్టీ లేకపోతే తర్వాతి విడత రాకూడదు.

అపోహ: ఊరిని పైకి తరలిస్తే సరిపోతుంది.

వాస్తవం: పైన కొండచరియల భయం. పైగా రాష్ట్రంలో మూడింట రెండొంతులకు పైగా అటవీ భూమే, ఖాళీ జాగా దొరకదు. పొలం, పశువుల మేత కింద ఉంటే మనిషి మళ్లీ కిందికే వస్తాడు.

అపోహ: అందరూ కలిసి శ్రమదానం చేస్తే కూలి ఖర్చు ఉండదు.

వాస్తవం: ఈ మాట వింటే నాకు బాధేస్తుంది. వరద వచ్చినవి యాత్ర రోజులు కావడంతో చాలా ఊళ్ల మగవాళ్లు పని కోసం కేదార్‌నాథ్‌లోనే ఉన్నారు. దేవలీ భణిగ్రామ్ ఒక్కటే యాభైమందికి పైగా మగవాళ్లను పోగొట్టుకుంది. మిగిలిన ఆడవాళ్లకు గడ్డి, నీళ్లు, పిల్లలు, పొలం. వాళ్లను రాళ్లు కూడా ఉచితంగా మోయమనడం అన్యాయం. పనికి కూలి ఇవ్వాలి, వాళ్ల పేరునే ఖాతా ఉండాలి. భూమి చనిపోయిన భర్త పేరున, మామగారి పేరున ఉండిపోతే మొదటి విడతే ఆగిపోతుంది. అందుకే ఏ ఊరు వెళ్లినా ప్లాను గీయడానికి ముందు ఇంటావిడతో కలిసి, భూమి రికార్డులు చూసే పట్వారీ దగ్గరకు వెళ్తాను.