టైటానిక్‌లో తెప్పలు కట్టి ఉంటే? తేల్చిచెప్పే చివరి పావుగంట

తలుపులు ఊడదీసి, బల్లలు, కుర్చీలు తాళ్లతో బిగించి తెప్పలు చేసుకుని ఉంటే టైటానిక్‌లో ఇంకెంతమంది బతికేవారు? ఈ వాదన మళ్లీ రాజుకుంది. మంచుకొండ, చాలని పడవలు, 1,500 దాకా మరణాలు అందరికీ తెలిసినవే. ఈ ప్రశ్నకు జవాబు మాత్రం 1912 ఏప్రిల్ 15 తెల్లవారుజామున, ఓడ మునిగే ముందు చివరి పావుగంటలో, అధికారుల గదుల పైకప్పు మీద ఉంది.

అక్కడ రెండు మడత పడవలు కట్టి ఉన్నాయి. అడుగు చెక్కది, పక్కలు కాన్వాసువి. పక్కలు పైకి లేపి బిగిస్తేనే పడవ అవుతుంది, లేకపోతే తెప్పే. ఒక్కోదానిలో 47 మందికి చోటుంది. వాటిని దించడానికి నావికులు తెడ్లను పైకప్పుకు ఏటవాలుగా ఆనించారు. ‘బి’ పడవ జారి తలకిందులుగా డెక్ మీద పడింది. ‘ఏ’ పడవ కిందికి చేరింది గానీ, కాన్వాసు పక్కలు లేపకముందే సముద్రం దాన్ని కమ్మేసింది. పని తెలిసినవారు, తయారుగా ఉన్న పడవలతో, అంతకంటే ఎక్కువ చేయలేకపోయారు.

తెప్పలు సాధ్యమేననేవారి వాదన తేలిగ్గా తీసేయదగినది కాదు. ఢీకొన్నది రాత్రి 11:40కి, మునిగింది 2:20కి. సముద్రం అద్దంలా ఉంది. చెక్క ఉంది, తాళ్లున్నాయి, చేతులున్నాయి.

కానీ ఆ రెండు గంటల నలభై నిమిషాలు ఎవరి చేతిలో ఉన్నాయి? ఓడ నిలవదని దాని రూపకర్త థామస్ ఆండ్రూస్ అర్ధరాత్రి వేళకే కెప్టెన్‌కు చెప్పారు. ప్రయాణికులకు ఆ మాట సూటిగా చేరలేదు. 65 మంది పట్టే మొదటి పడవ దాదాపు ఒంటిగంటకు పావు తక్కువకు 28 మందితో దిగింది. వెచ్చని ఓడ వదిలి చీకట్లో పడవెక్కడానికే జనం వెనకాడారు. ఓడ మునుగుతోందని నమ్మని మనిషి తన గది తలుపు ఎందుకు ఊడదీస్తాడు? నా దృష్టిలో తెప్పల అవకాశం అక్కడే చేజారింది. చెక్క కొరత వల్ల కాదు.

ఓడలో రొట్టెలు చేసే విభాగం పెద్ద చార్లెస్ జౌగిన్, తాను 50 దాకా డెక్ కుర్చీలను సముద్రంలోకి విసిరానని విచారణలో చెప్పాడు. చేతనైనంత చేశాడు. అయితే కుర్చీ పట్టుకుని తేలడానికి పనికొస్తుంది, ఒంటిని నీటి పైకి ఎత్తదు. ఆ నీరు దాదాపు మైనస్ 2 డిగ్రీలు.

నిజంగా తెప్ప కట్టిన సందర్భం చూడాలంటే 1816కు వెళ్లాలి. ఫ్రెంచి యుద్ధనౌక మెడ్యూజ్ ఆఫ్రికా తీరంలో ఇసుకమేటపై చిక్కుకుంది. మునగలేదు కాబట్టి మూడు రోజుల వ్యవధి దొరికింది. చెక్క స్తంభాలు, దూలాలతో పెద్ద తెప్ప కట్టి 147 మందిని ఎక్కించారు. ఆ బరువుకు తెప్ప కుంగి, జనం నడుంలోతు నీటిలో నిలబడ్డారు. లాక్కెళ్లాల్సిన పడవలు తాడు వదిలేశాయి. చివరికి ప్రాణాలతో దొరికింది 15 మంది. అంత సమయం, అంత కలప ఉన్నా తెప్ప కుంగిపోయింది. అది వెచ్చని సముద్రం. టైటానిక్ చుట్టూ ఉన్న నీటిలో నడుంలోతు అంటే చావే.

‘ఏ’ పడవ అదే చూపింది. నీరు నిండిన ఆ పడవలో నిలబడ్డవారు ఒక్కొక్కరే కూలిపోయారు. తెల్లవారే వేళకు టైటానిక్ అధికారి లోవ్ తన పడవలోకి తీసుకున్నది పన్నెండు, పదముగ్గురినే. వదిలేసిన ఆ పడవ నెల తర్వాత మూడు మృతదేహాలతో ఓషియానిక్ ఓడకు కనిపించింది.

తలకిందులైన ‘బి’ వీపు మీద మాత్రం దాదాపు 30 మంది బతికారు. కింద చిక్కిన గాలి వారిని నీటికి పైన నిలిపింది. ఆ గాలి మెల్లగా తప్పించుకుంటోంది. అల లేచినప్పుడల్లా రెండో అధికారి లైటోలర్ ‘కుడికి ఒరగండి’, ‘నిటారుగా’, ‘ఎడమకు’ అని చెబుతూ, రెండు వరుసల్లో నిలబడినవారితో బరువు సరిచేయించారు. గంటల తరబడి అలాగే నిలబడ్డారు, కొందరు జారిపోయారు. వెలుగు రాగానే ఆయన ఈల ఊదారు. 4, 12 నంబర్ల లైఫ్‌బోట్లు వచ్చి మిగిలినవారిని ఎక్కించుకున్నాయి.