రాలేనివారు పంపిన చెప్పులు

2016 మే నెలలో ఒకరోజు వాషింగ్టన్‌లోని అమెరికా ఆరోగ్యశాఖ కార్యాలయం ఎదుట బూట్లూ చెప్పులూ జతలు జతలుగా బారులు తీరాయి. మంచం దిగి అక్కడిదాకా రాలేని రోగులు, జబ్బు తమకు దూరం చేసినదేమిటో చీటీల మీద రాయించి, తమకు బదులుగా పాదరక్షలను పంపారు. ఆ ఉద్యమం పేరు మిలియన్స్ మిస్సింగ్. ఆ జబ్బును మయాల్జిక్ ఎన్‌సెఫలోమైలైటిస్ అనీ, క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్ అనీ, క్లుప్తంగా ఎంఈ/సీఎఫ్‌ఎస్ అనీ అంటారు.

దీన్ని "దీర్ఘకాలిక అలసట" అని తెనిగిస్తే తీవ్రత సగం కూడా తెలియదు. పొలం పనిచేసి అలసిన మనిషి కంటినిండా నిద్రపోతే తెల్లారేసరికి తేరుకుంటాడు. ఈ రోగికి ఎంత నిద్రపోయినా సేద తీరదు. తలస్నానం చేయడం, పది నిమిషాలు ఫోనులో మాట్లాడటం వంటివి కూడా శక్తికి మించిన పనులైతే, ఆ దెబ్బ చాలాసార్లు ఒకటి రెండు రోజులు ఆగి తగిలి, రోజుల తరబడి, ఒక్కోసారి వారాల తరబడి మనిషిని మంచాన పడేస్తుంది. చాలామందికి ఇది ఏదో వైరస్ జ్వరం తర్వాత మొదలవుతుంది. కోవిడ్ తర్వాత మొదలైనవారూ ఉన్నారు. మామూలు రక్తపరీక్షల్లో తరచూ ఏ తేడా కనిపించదు కనుక, "రిపోర్టులన్నీ బాగానే ఉన్నాయి, కాస్త తిరుగుతూ ఉండండి" అని చెప్పి పంపేస్తారు.

ఈ అపనమ్మకం పాతది. 1955లో లండన్ రాయల్ ఫ్రీ ఆసుపత్రి సిబ్బందిలో దాదాపు 300 మంది అంతుపట్టని జబ్బున పడటంతో ఆసుపత్రినే కొన్ని నెలలు మూసేశారు. 1970లో ఇద్దరు మానసిక వైద్యులు, ఆ రోగులను పరీక్షించకుండా పాత రికార్డులు చదివి, బాధితుల్లో ఎక్కువమంది స్త్రీలు కావడాన్ని కూడా ఆధారంగా చూపి, అది సామూహిక హిస్టీరియా అని వాదించారు. శ్రమే జబ్బును ముదరబెట్టే ఈ రోగులకు క్రమంగా వ్యాయామం పెంచే చికిత్సను, బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2021లో గానీ వద్దనలేదు.

అమెరికాలో ఈ రోగులు 8,36,000 నుంచి 25 లక్షల వరకు ఉంటారని 2015లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ పేర్కొంది. జబ్బు భారానికి తగ్గట్టు ఉండాలంటే అక్కడి ప్రభుత్వ పరిశోధన నిధులు 14 రెట్లు పెరగాలని 2020లో ఒక అధ్యయనం లెక్కగట్టింది. క్యాన్సర్ కోసం జరిగే పరుగుల్లో కోలుకున్నవారే పాల్గొని చందాలు సేకరించగలరు. ఇక్కడ ఆ శ్రమే రోగిని కూలదోస్తుంది కాబట్టి, మే 12న జరిపే అవగాహన దినం బరువును కూడా తోబుట్టువులూ స్నేహితులూ మోయవలసి వస్తోంది.

ఎడిన్‌బరో విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు రోగులతో కలిసి, 32 లక్షల పౌండ్ల నిధులతో చేపట్టిన డీకోడ్ఎంఈ అనే జన్యు అధ్యయనం ఎవరినీ ఆసుపత్రికి రప్పించలేదు. ఇంటికి వచ్చిన చిన్న గొట్టంలో ఉమ్మి నింపి తపాలాలో తిప్పి పంపితే చాలు. 2025 ఆగస్టులో వెలువడిన తొలి ఫలితాల్లో 15,579 మంది రోగుల డీఎన్‌ఏను ఆరోగ్యవంతులతో పోల్చగా ఎనిమిది చోట్ల తేడాలు కనిపించాయి; కొన్ని రోగనిరోధక, నాడీ వ్యవస్థల జన్యువుల దగ్గరే ఉన్నాయి. ఇది మందు కాదు, నిర్ధారణ పరీక్షా కాదు. ఆ జన్యువులు కణాల్లో ఏం చేస్తున్నాయో ఇంకా చూడాలి. పైగా ఆ విశ్లేషణలోని రోగులంతా ఐరోపా సంతతివారే. మన జనాభాలో ఇదే పని జరగాలంటే ఇక్కడా ఎవరో ఆ గొట్టాలను ఇళ్లకు పంపాలి, అందుకు డబ్బు సమకూర్చాలి.